మన కాలయంత్రం ఏ ప్రింటులో ఉంది?

'ఆదిత్య 369' టీవీలో మొదటిసారి చూసిన రోజున, ఇందులో కొత్త సీన్లు కలిపారని గట్టిగా అనుకున్నాను. అంతకుముందు నేనా సినిమా చూసింది దివిసీమ వైపు ఒక చిన్న ఊళ్లో, రేకుల హాల్లో, నేల టిక్కెట్టు మీద. విజయనగరం భాగం సాఫీగానే నడిచింది. కాలయంత్రం 2504లోకి వెళ్లాక మాత్రం బొమ్మ ఒకటికి రెండుసార్లు గెంతింది. భూమి అడుగున మనుషులు బతుకుతున్నారని చూశాం. కాసేపటికే అందరూ మన కాలానికి వచ్చేసి విలన్‌తో తలపడుతున్నారు. మధ్యలో ఏమైందని మాలో ఎవరూ అడగలేదు. భవిష్యత్తంటే అలాగే అర్థంకాకుండా ఉంటుంది కాబోలు అనుకున్నాం. ఫస్ట్ షో వదిలాక జనానికి ఆఖరి బస్సు అందాలి, అందుకని ఆపరేటరు అరరీలు మింగేశాడన్న సంగతి చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అరరీలంటే ఐదారు నిమిషాల బొమ్మ.

ఒకే సినిమా రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ వస్తే వాటిలో ఏది అసలుది అన్న చర్చ ఇంగ్లీషు సినిమాల దగ్గర చాలాకాలంగా నడుస్తోంది. రిడ్లీ స్కాట్ 'బ్లేడ్ రన్నర్' 1982లో వచ్చినప్పుడు హీరో గొంతుతో వ్యాఖ్యానం పెట్టించారు, చివర్లో కథ సుఖాంతమైనట్టు కొన్ని షాట్లు అతికించారు. ఆ ముగింపులో కనిపించే కొండల షాట్లు కూబ్రిక్ తన 'ది షైనింగ్' కోసం హెలికాప్టరు మీంచి తీయించగా మిగిలిపోయినవి. 1992లో ఆ వ్యాఖ్యానమూ ఆ ముగింపూ లేని కాపీ వచ్చింది. 2007లో స్కాట్ తన చేతుల మీదుగా సరిచేసుకున్న 'ఫైనల్ కట్' వచ్చింది. జార్జ్ లూకస్ 1977 నాటి తన 'స్టార్ వార్స్'లోకి 1997లో కంప్యూటర్ జంతువుల్ని తెచ్చి పెట్టాడు. పాత అభిమానులు ఆయన్ని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నారు. ఇవన్నీ దర్శకుడికీ స్టూడియోకీ, కాకపోతే దర్శకుడికీ ప్రేక్షకుడికీ మధ్య తగాదాలు. మన కృష్ణా డెల్టాలో ఆ తగాదాకి చోటే లేకపోయింది. ఇక్కడ సినిమాకి కొత్త రూపాలు ఇచ్చింది డిస్ట్రిబ్యూటరు, రిప్రజెంటేటివు, ఆపరేటరు, కరెంటు, బస్సు టైము. అందుకే ఈ మధ్య పాత సినిమాలు 4కే అనీ 3డీ అనీ వరసగా దిగుతుంటే, ఇవి 'అసలు సినిమా'ని వెనక్కి తెస్తున్నాయా అన్న ప్రశ్నని విజయవాడ గాంధీనగర్‌లో నిలబడి అడగాలనిపిస్తుంది. తెలుగు సినిమా పుట్టింది మద్రాసులోనైనా, చాలామంది ఆంధ్రులకి అది చేరింది ఈ వీధి మీదుగానే.

ముందు సినిమా సంగతి. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాతగా, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సమర్పణలో 1991 జులై 18న విడుదలైంది. సంగీతం ఇళయరాజా, మాటలు జంధ్యాల. కాలప్రయాణం మీద మన దేశంలో వచ్చిన మొదటి సినిమాగా దాన్ని చెప్పుకుంటారు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవల కాలేజీ రోజుల్లోనే తన మనసులో పడిందని సింగీతం చాలాసార్లు చెప్పారు. అయితే వెల్స్ యంత్రం ముందుకే పోయింది. సింగీతం దాన్ని ముందు వెనక్కి, 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువులోకి తోలారు. ఆ తర్వాతే అణుయుద్ధం అయిపోయి మిగిలినవాళ్లు భూగర్భంలో బతికే 2504కి పంపారు. తెలుగువాడికి కాలయంత్రం దొరికితే ముందుగా రాయలవారి దగ్గరికే వెళతాడని ఆయన పట్టేశారు. వైజ్ఞానిక కల్పనకి మన గడ్డ మీద వేరు దొరికింది అక్కడే అని నా నమ్మకం.

డెల్టా జనానికి ఈ సినిమా అయినదానిలా అనిపించడానికి ఇంకొన్ని కారణాలూ ఉన్నాయి. తెనాలి రామకృష్ణుడిగా వేసిన చంద్రమోహన్ పుట్టింది కృష్ణా జిల్లా పమిడిముక్కలలో. తెనాలి కృష్ణకి అవతలి గట్టు. హీరో బాలకృష్ణ ఇంటి ఊరు నిమ్మకూరు. రాయలు కళింగం మీదికి దండెత్తి వెళ్తూ కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి దగ్గర ఆగాడనీ, 'ఆముక్తమాల్యద' రాయమని కల వచ్చింది అక్కడేననీ మా చిన్నప్పుడు తెలుగు మాస్టార్లు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఇక కథంతా తిరిగేది ఒక వజ్రం చుట్టూ. సాలార్‌జంగ్ మ్యూజియంలోంచి దాన్ని దొంగిలించే రాజావర్మగా అమ్రిష్ పురి వేశాడు. గోల్కొండ వజ్రాలని లోకమంతా పిలిచే రాళ్లు నిజానికి దొరికింది ఈ కృష్ణ ఒడ్డునే, కొల్లూరు, పరిటాల గనుల్లో. కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఇదంతా సింగీతం అనుకుని పెట్టారని నేననను. హాల్లో కూర్చున్న మాకు మాత్రం అలా కలిసొచ్చింది.

ఇప్పుడు ప్రింటు దగ్గరికి రావాలి. అసలు విషయం అక్కడుంది.

ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగుల లెక్కన పరిగెడుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే దాదాపు 13,500 అడుగులు, వెయ్యేసి అడుగుల రీళ్లుగా చూస్తే పధ్నాలుగు దాకా. అవన్నీ గుండ్రటి డబ్బాల్లో, ఆ డబ్బాలు ఇనప పెట్టెల్లో. గాంధీనగర్‌లో నవయుగ, పూర్ణా, లక్ష్మీ ఫిలిమ్స్ లాంటి ఆఫీసులున్న రోజుల్లో ఈ పెట్టెలు తెల్లవారుజామున బస్సు టాపుల మీదికెక్కి బందరు, గుడివాడ, రేపల్లె, అవనిగడ్డ బయల్దేరేవి. పెట్టెతోపాటు కంపెనీ రిప్రజెంటేటివు. రోజూ కలెక్షన్ రిపోర్టు రాసి పంపడం అతని పని. ముందు 'ఏ' సెంటర్లలో ఆడి, తర్వాత 'బీ', ఆ తర్వాత 'సీ'. బెజవాడలో ఆడిన ప్రింటు మా ఊరికి వచ్చేసరికి దాని ఒంటి మీద వంద ఆటల గీతలు. తెర మీద అవి నిలువు గీతలుగా పడేవి. 'వాన పడుతోంది' అనేవాళ్లం. ఎక్కడైనా ఫిల్ము తెగితే అటు రెండు ఫ్రేములు, ఇటు రెండు ఫ్రేములు కత్తిరించి అతికించేవాళ్లు. ఒక్కో అతుకుకీ ఒక్కో మాట సగంలో తెగేది. రెండు హాళ్లు ఒకే ప్రింటుని పంచుకుంటే సైకిలు మీద కుర్రాడు రీళ్లు మోసేవాడు. దార్లో అతను పడ్డాడంటే రెండో హాల్లో అందరూ 'ఫిల్ము వెయ్యి' అని ఈలలు.

సింగీతం గురువు కె.వి. రెడ్డి. ఏ సీన్‌కి ఎన్ని అడుగుల ఫిల్ము అని ముందే లెక్క వేసుకుని, స్టాప్‌వాచీ పట్టుకుని తీసేవారని ఆయన గురించి చెప్పుకుంటారు. 'మాయాబజార్'కి సింగీతం ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేశారు. అంత కొలతగా సినిమా తీసే బడి నుంచి వచ్చిన మనిషి అల్లిన అడుగుల్ని, గడియారం చూసుకుని ఒక ఆపరేటరు కత్తెరేశాడు. నాకు ఆ ఆపరేటరు మీద కోపం లేదు. ఆఖరి బస్సులో మా అమ్మ కూడా ఉంది.

మళ్లీ విడుదల చేయడం మనకేమీ కొత్త కాదు. సెకండ్ రన్ అనే మాట ఈ వీధికి పాతదే. పాత ఎన్టీఆర్, ఏఎన్నార్ సినిమాలు మార్నింగ్ షోలుగా తక్కువ టిక్కెట్టుకి ఆడేవి. శివరాత్రి నాడు జాగారానికి తెల్లవార్లూ రెండు మూడు సినిమాలు వేసేవాళ్లు. మూడో సినిమాకి హాల్లో సగం మంది కునుకు తీస్తుండేవాళ్లు, శివుడు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ రోజుల్లో పాత సినిమా ఎంత అరిగిన ప్రింటైనా జనం చూసేవాళ్లు. 'కొత్త కాపీ' అని పోస్టరు మీద వేస్తే అదే పెద్ద ఆకర్షణ. ఇప్పుడు ఆ మాట పోయి 4కే వచ్చింది.

ఈ కొత్త ఊపు మొదలైంది 2022 ఆగస్టు 9న, మహేశ్‌బాబు పుట్టినరోజుకి వేసిన 'పోకిరి'తో. తర్వాత 'జల్సా', 'చెన్నకేశవరెడ్డి', 'ఖుషి', 'సింహాద్రి', 'మురారి'. వీటికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సినిమా చూడటానికి రారు, డైలాగులు ముందే అప్పజెప్పడానికి వస్తారు. 2025 మే 30న 'ఖలేజా' మళ్లీ వేసినప్పుడు విజయవాడ హాల్లో ఒకాయన నిజం పామునే పట్టుకొచ్చాడని పేపర్లలో వచ్చింది. అందులో నాకు తప్పేం కనిపించదు, పాముకి తప్ప. అదొక జాతర, దానికి ప్రింటు నాణ్యతతో పని లేదు. బొమ్మ ఎంత మసకగా ఉన్నా కాగితాలు ఎగరేస్తారు. అయితే ఆ జాతర తెచ్చే డబ్బే ఇంకో రకం సినిమాలకీ దారి వేస్తోంది. ఎవరైనా నెగెటివ్ బయటికి తీసి స్కాన్ చేయిద్దామనుకుంటున్నారంటే, ఆ ఖర్చు తిరిగొస్తుందన్న ధైర్యం ఈ కాగితాల వాన ఇచ్చిందే.

2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' 4కే బొమ్మతో, 5.1 శబ్దంతో మళ్లీ వచ్చింది. అసలు 4కే అంటే ఏం చేస్తారు? అడ్డంగా 4,096, నిలువుగా 2,160 చుక్కలుగా ఒక్కో ఫ్రేమునీ స్కాన్ చేస్తారు. దుమ్మూ గీతలూ తుడుస్తారు, ఊగే బొమ్మని నిలబెడతారు, రంగులు మళ్లీ దిద్దుతారు. మంచి 35 ఎంఎం నెగెటివ్‌లో ఉన్న వివరం దాదాపు ఆ 4కే దాకా ఉంటుంది. హాలుకి వచ్చే ప్రింటులో అంత ఉండదు. నెగెటివ్ నుంచి ప్రింటుకి వస్తూ కొంత, ఆపరేటరు ఫోకస్‌లో కొంత, సున్నం వేసిన గోడలాంటి తెర మీద కొంత పోతుంది. అంటే 1991లో బెజవాడ బాల్కనీలో కూర్చున్నవాడు కూడా చూడని వివరం 2025లో మనకి కనిపిస్తుంది. ఇది విన్నంత గొప్పగా ఏమీ ఉండదు. నేను మేనల్లుణ్ణి తీసుకుని వెళ్లాను. రాయల దర్బారు స్తంభాలు రాతివి కావు, పూతవి అని వాడు వెంటనే పట్టేశాడు. ఆ కాలపు ప్రింటు మసకే సెట్టుకి సగం రాయి అయ్యేది. ఆ మసక ఎంత ఉంటుందో ఎరిగే సెట్టు వేశారు. ఆ సెట్లకి కళా దర్శకుడు పేకేటి రంగాకి నంది అవార్డు వచ్చింది. 4కేలో తేలిపోయింది ఆయన పనితనం కాదు, దాని మీద కప్పిన ముసుగు.

రంగు సంగతి ఇంకా చిక్కు. ఈ సినిమాకి ముగ్గురు ఛాయాగ్రాహకులు: పి.సి. శ్రీరామ్, వి.యస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. వర్తమానం ఒకరి వెలుగులో, విజయనగరం ఒకరి వెలుగులో, భవిష్యత్తు ఇంకొకరి వెలుగులో. కాలం మారిందని మనకి చెప్పేది సంభాషణ ఒక్కటే కాదు, వెలుగు కూడా. రంగు ఫిల్ములో రంగులన్నీ ఒకే వేగంతో వెలవవు. నీలి ఛాయ ముందుగా పోయి బొమ్మంతా ఎర్రబడుతుంది. దాన్ని సరిచేసేటప్పుడు కుర్చీలో కూర్చున్న కలరిస్టుకి రెండు దారులు. ఇప్పటి సినిమాలా అంతటినీ ఒకే నిగారింపులోకి తేవడం ఒకటి. మూడు చేతుల తేడాని వెతికి పట్టుకుని నిలబెట్టడం రెండోది. రెండోది చేయాలంటే అప్పటి మంచి ప్రింటు ఒకటి పక్కన పెట్టుకుని చూడాలి, వీలైతే ఆ కెమెరామన్‌నే పక్కన కూర్చోబెట్టుకోవాలి. విజయనగరం భాగంలో దీపాల పసుపు మీద మెరుగు ఎక్కువైందా అని నాకు అనుమానం కలిగింది. కానీ నా జ్ఞాపకం నేల టిక్కెట్టుది, దాన్ని సాక్ష్యంగా ఎవరూ తీసుకోకూడదు.

శబ్దానిదీ అదే కథ. ఆ రోజుల్లో మన సినిమాల శబ్దం మామూలుగా ఫిల్ము అంచున ఉండే ఒకే ఒక్క ట్రాకు. మాటా పాటా అడుగుల చప్పుడూ అన్నీ అందులోనే కలిసిపోయి ఉంటాయి. దాన్ని 5.1 చేయాలంటే కలిసిపోయినవాటిని విడదీసి హాలు నాలుగు మూలలకీ పంచాలి. పులుసులోంచి ముక్కల్ని ఏరొచ్చు, చింతపండుని ఏరడం కష్టం. ఇళయరాజా వాద్యాలు వెనక స్పీకర్లలోంచి వస్తే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. ఆ పులకింత 1991ది కాదన్నది కూడా నిజమే.

ఇక్కడ 'మాయాబజార్' ప్రస్తావన రాక తప్పదు. 1957 మార్చి 27న నలుపు తెలుపుల్లో వచ్చిన ఆ సినిమాకి గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. జనం ఎగబడి చూశారు, పిల్లల్ని తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను, సంతోషంగానే తిరిగొచ్చాను. అయినా అది వేరే సినిమా. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ సినిమాలో పరిచిన వెన్నెల నలుపు తెలుపుల మధ్య ఉన్న వంద బూడిద ఛాయల్లో ఉంది. దాని మీద నీలం పూస్తే వెన్నెల ఇదీ అని చీటీ అంటించినట్టు ఉంటుంది. ఘటోత్కచుడి బుగ్గలకి రంగు వచ్చిందని పిల్లలు మురిసిపోతే నాకేం అభ్యంతరం లేదు. రంగుల కాపీ మాత్రమే టీవీల్లో, ఫోన్లలో తిరుగుతూ అసలుది మరుగున పడుతుంటేనే బాధ. 'ఆదిత్య 369'ని మళ్లీ తెచ్చినవాళ్లు ఈ దారి పట్టలేదు. భవిష్యత్తు నగరాన్ని ఇప్పటి గ్రాఫిక్స్‌తో మార్చేద్దామన్న లూకస్ బుద్ధి వాళ్లకి పుట్టలేదు, అందుకు వాళ్లకి దణ్ణం పెట్టాలి. 2504లోని ఆ మినుకుమినుకు దీపాలూ అట్టముక్కలతో చేసినట్టుండే సామగ్రీ చూసి హాల్లో కుర్రాళ్లు నవ్వారు. నవ్వనీ. 1991లో మనం భవిష్యత్తుని ఎలా ఊహించుకున్నామో చెప్పే దస్తావేజు అది. ఇప్పుడు 'కల్కి 2898 ఏడీ'లో నాగ్ అశ్విన్ కట్టిన కాశీని చూసి మరో ముప్పై ఏళ్లకి ఎవరు నవ్వుతారో చూడాలి. ఆ సినిమాకి సలహాదారుగా వెనక నిలబడింది కూడా సింగీతమే, తొంభై దాటిన వయసులో.

ఇంతవరకూ చెప్పింది కొత్త కాపీ బాగోగులు. అయితే వీటన్నిటికీ ముందు ఇంకో ప్రశ్న ఉంది: స్కాన్ చేయడానికి అసలేదైనా మిగిలిందా? దానికి జవాబు వెతుకుతూ పోతే మళ్లీ విజయవాడకే వస్తాం.

'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న విడుదలైంది. ఆ రోజే పెను తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. తొమ్మిది వందల మందికి పైగా పోయారు. 1977 ఉప్పెన తిన్న దివిసీమకి అది రెండో దెబ్బ. నీళ్లు నిలిచిన హాళ్లకి జనం మోకాలి లోతు దిగి వెళ్లారని ఆ సినిమా గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమా సరిగ్గా 35 ఏళ్లకి, 2025 మే 9న, 2డీలో, 3డీలో మళ్లీ వచ్చింది. అందుకోసం పనికొచ్చే రీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గాలించామనీ, చివరికి 2018లో విజయవాడలో ఒకటి దొరికిందనీ, అదీ బాగా పాడైన స్థితిలో ఉందనీ వైజయంతి మూవీస్ చెప్పింది. చిరంజీవి, శ్రీదేవి నటించిన, రాష్ట్రమంతా ఊగిపోయిన సినిమాకే ఈ గతి పట్టింది.

ఎందుకిలా అయింది? విదేశాల్లో నెగెటివ్ నుంచి నకలు తీసుకుని, ఆ నకలు నుంచి ప్రింట్లు కొడతారు. మన దగ్గర ఖర్చు తగ్గించుకోవడానికి చాలాసార్లు అసలు నెగెటివ్ నుంచే వందల ప్రింట్లు తీశారు. హిట్టయిన సినిమా నెగెటివే ముందు అరిగిపోయింది. ఫ్లాపు సినిమాలది క్షేమం. తర్వాత 2010ల మొదటి సగానికి హాళ్లన్నీ డిజిటల్ అయ్యాయి, ల్యాబులు మూతపడ్డాయి. గాంధీనగర్ మేడల మీద, మెట్ల కింద ఉన్న పెట్టెలు అడ్డమైపోయాయి. ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది, దాని కోసం కొనేవాళ్లుండేవారు. అంతకుముందు కాలంలో ఫిల్ము గాజుల తయారీకి కూడా పోయింది. ఏదో ఒక పాత నాయిక ముఖం ఎవరి ముంజేతినో గాజైపోయి ఉంటుంది. మిగిలినవాటికి డెల్టా గాలే శత్రువు. ఫిల్ముకి చల్లగా, పొడిగా ఉండాలి. మనకి ఎండాకాలం ఉక్క, వానాకాలం చెమ్మ. అసిటేట్ ఫిల్ము ఈ గాలిలో కుళ్లితే డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము ముడుచుకోవడం మొదలైనట్టే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉంటే, ఇంకెవరి అటక మీద ఏ డబ్బాలు తడిశాయోనని నాకు అనిపించింది. బియ్యం తడిసినవాళ్ల దగ్గర ఆ మాట ఎత్తలేదు.

తెలుగు సినిమాకి ఆద్యుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య బందరు మనిషే. ఆయన కుటుంబం 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'లో ఒక్క రీలూ మిగల్లేదు. ఆ నష్టం ఎవరికీ పట్టని కాలంలో జరిగింది, ఏం చేస్తాం. 1991 నష్టాలకి ఆ సాకు కుదరదు.

ఫ్రిట్జ్ లాంగ్ 1927లో తీసిన 'మెట్రొపోలిస్' సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. బెర్లిన్‌లో విడుదలైన కొన్నాళ్లకే పంపిణీదార్లు దాన్ని కత్తిరించేశారు. తీసేసిన భాగాలు ప్రపంచంలో ఎక్కడా లేవనే అందరూ అనుకున్నారు. 2008లో బ్యూనస్ ఎయిర్స్ సినిమా మ్యూజియంలో ఒక 16 ఎంఎం నకలు బయటపడింది. అప్పట్లో అర్జెంటీనా పంపిణీదారుడొకరు కొనుక్కెళ్లిన ప్రింటుకి నకలది, ఒళ్లంతా గీతలే. 2010లో ఆ సినిమాని తిరిగి కూర్చినవాళ్లు ఆ గీతల్ని పూర్తిగా తుడవలేదు, తుడవలేకపోయారు కూడా. చూస్తుంటే ఉన్నట్టుండి బొమ్మ కాస్త చిన్నదై వాన మొదలవుతుంది. దొరికిన ముక్క ఇదీ అని ప్రేక్షకుడికి కళ్లతోనే తెలుస్తుంది. నాకా పద్ధతి చాలా నచ్చింది. సినిమాని ముక్కలు చేసేదీ పంపిణీ వీధే, చివరి ముక్క దాచిపెట్టేదీ ఆ వీధే. బెర్లిన్‌కి బ్యూనస్ ఎయిర్స్ ఎలాగో మద్రాసుకి బెజవాడ అలాగ.

అందుకే మన పునర్విడుదలల మీద నాకున్న ఫిర్యాదు 4కే మీద కాదు. ఏ కాపీ నుంచి ఇది తీశారు, నెగెటివా, ప్రింటా, ఎక్కడ దొరికింది, ఎన్ని అడుగులు పోయాయి, శబ్దంలో కొత్తగా ఏం కలిపారు అన్న నాలుగు ముక్కలు సినిమాకి ముందు తెర మీద వేసే అలవాటు మనకి లేదు. పొగాకు మీద హెచ్చరిక వేస్తారు, అభిమాన సంఘాలకి కృతజ్ఞతలు వేస్తారు. రీలు దాచిన మనిషికి కూడా ఒక లైను పడొచ్చు. స్కాన్ అయ్యాక అసలు నెగెటివ్‌ని ఎక్కడ పెట్టారన్నది మరీ ముఖ్యం. హార్డ్‌డిస్కు చెడిపోవడానికి పదేళ్లు చాలు. సరిగ్గా దాస్తే ఫిల్ము వందేళ్లు దాటుతుంది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది. రెండు తెలుగు ప్రభుత్వాలూ సినిమా వాళ్లకి స్థలాలిచ్చాయి, అవార్డులిచ్చాయి, టిక్కెట్టు రేట్ల మీద జీవోలిచ్చాయి. చల్లని గది ఒక్కటి కట్టిస్తే గాంధీనగర్ అటకల మీద మిగిలినవైనా అందులోకి చేరతాయి.

ఇక నా దగ్గర ఉన్న ప్రింటు సంగతి. ప్రింటంటే ప్రింటు కాదు, ఆరు ఫ్రేములు. మా చిన్నప్పుడు ప్రొజెక్టరు గది కింద ఊడ్చి పడేసిన ఫిల్ము ముక్కలు ఏరుకోవడం ఒక పని. అద్దంతో ఎండని చీకటి గదిలోకి పంపి, మధ్యలో ఫిల్ము ముక్కా దాని ముందు భూతద్దమూ పెట్టి గోడ మీద బొమ్మ వేసేవాళ్లం. ఎన్టీఆర్ ముక్కకి రెండు కృష్ణ ముక్కలు, కృష్ణ ముక్కకి నాలుగు గోళీలు. 'ఆదిత్య 369' ఆడి వెళ్లాక నాకు దొరికిన ముక్క దర్బారుది. ఆరు ఫ్రేములంటే పావు సెకను. ఒక్కో ఫ్రేముకి రెండు అంచులా నాలుగేసి చిల్లులు. చిల్లులకీ బొమ్మకీ మధ్య సన్నటి తెల్లని గీత, రంపపు పళ్లలా వంకరలు పోతూ ఉంటుంది. శబ్దం అదే. కంటికి కనిపిస్తుంది గానీ వినపడదు. బహుశా ఏదో మాటలో సగం అక్షరం.

4కే చూసి ఇంటికొచ్చిన రాత్రి ఆ ముక్కని పాత జామెట్రీ బాక్సులోంచి తీసి ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టాను. బంగారు రంగు ఉండాల్సినచోట ఇటుక రంగు. నీలం ఎక్కడా లేదు. ఒక మూల ఆపరేటరు బ్లేడు పెట్టిన కోత, కొంచెం వంకరగా. ఆ రాత్రి బస్సు కోసం తొందరపడ్డ చెయ్యి అని గుర్తుపట్టగలిగినట్టే అనిపించింది.

మేనల్లుడు నా చేతిలోంచి తీసుకుని, ఫోను లైటు వెనక పెట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు:

"ఇది ఎన్ని కే, మావయ్యా?"